తెల్ల అంచులు

పని చేయించుకోవడానికి వచ్చేవాళ్ళు కొట్టు మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగుతారు. హుకుం జారీ చేయడానికి వచ్చేవాళ్ళు ఆగరు. ఆ ఉదయం అల్లుడు ఆగలేదు. చెప్పుల చప్పుడు వింటూనే బైండు పెద్దమ్మ సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది.

బజారంతా ఆమెను అలాగే పిలుస్తుంది. నలభై ఏళ్ళుగా ఆమె రిజిస్టర్లు కుడుతోంది. బడి పిల్లల హాజరు పట్టీలు, ఆసుపత్రి జనన మరణాల పుస్తకాలు, భూముల దస్త్రాలు, అన్నీ ఆ చేతుల మీదుగా వెళ్ళినవే. భర్త పోయాక కొట్టు, కూతురు, కొట్టు వెనక గది మిగిలాయి. కూతుర్ని చదువుకున్నవాడికి ఇచ్చింది. ఆ చదువుకున్నవాడికి అత్తగారి వేళ్ళకు అంటిన జిగురంటే మొదటినుంచీ రోత.

ఇప్పుడతను రాజ్యాంగ సభకు కార్యదర్శి. పాత ప్రభుత్వం కూలిపోయాక, దేశం ఎలా నడవాలో రాసిపెట్టమని జనం రెండు వందల పద్నాలుగు మందిని ఎన్నుకున్నారు. వాళ్ళు రెండేళ్ళు గొంతులు పోయేలా అరుచుకుని చివరికి ఒక రాతకు ఒప్పుకున్నారు. ఆ రాతను దస్తూరీ బాగున్న ఒక రాతగాడి చేత మందపాటి కాగితం మీద రాయించారు. మూడు వందల పన్నెండు పేజీలు. అల్లుడు ఆ కట్టను బల్ల మీద పెట్టాడు.

"అత్తయ్యగారూ, ఇది మామూలు సరుకు కాదు. చేతులు కడుక్కుని ముట్టుకోండి."

"మీ ఆవిడను పెంచిన చేతులే ఇవి. అప్పుడెవరూ కడుక్కోమనలేదు," అంది పెద్దమ్మ. "చెప్పండి, ఎలా కుట్టాలి?"

"గట్టి దారం, తోలు అట్ట. నాలుగో రోజు పదకొండింటికి సభలో సభ్యులంతా ఆఖరి పేజీల్లో సంతకాలు చేస్తారు. ఆ తర్వాత పుస్తకం నా బీరువాలో ఉంటుంది. పది రోజులకు దాన్ని చూసే అచ్చు వేస్తారు." ఒక్క క్షణం ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు అన్నాడు. "అన్నట్టు, అంచులకు రంగు వద్దు. తెల్లగా ఉంచండి. హుందాగా ఉంటుంది."

పెద్దమ్మ చెయ్యి కాగితాల మీదే ఆగిపోయింది.

పుస్తకం కుట్టి మూడు వైపులా సమంగా కోశాక, చెక్కల మధ్య బిగించి అంచుల మీద కుంచెతో నీలం, ఎరుపు చుక్కలు చల్లడం ఆ కొట్టు ఆనవాయితీ. చూసేవాళ్ళు అందం కోసం అనుకుంటారు. నిజానికి అది కాపలా. ప్రతి కాగితం అంచుకూ ఆ రంగు కొంచెం అంటుకుంటుంది. ఎవరైనా లోపలి కాగితాన్ని బ్లేడుతో కోసి, దాని చోట ఇంకోటి అంటిస్తే, మూసిన పుస్తకం అంచు మీద సన్నటి తెల్ల గీత పళ్ళికిలించి కనిపిస్తుంది. తెల్ల అంచుల పుస్తకంలో ఆ బాధ లేదు. ఏ కాగితం పోయినా, ఏది వచ్చినా పైకి ఒకటే తెలుపు.

ఈ లెక్క ఆమె ఊరికే నేర్చుకోలేదు. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో బజారు సంఘం పెద్ద ఒకడు కొట్ల కేటాయింపు రిజిస్టరు కుట్టమన్నాడు. అంచులు తెల్లగా ఉంచమన్నాడు. పెద్దమనిషి మాట కదా అని ఆమె మారుమాట్లాడకుండా తన చేత్తోనే కుట్టి ఇచ్చింది. ఆరు నెలలు తిరగకముందే ఆ రిజిస్టరులో వాళ్ళ పేజీ మారిపోయింది. పెద్ద వీధి మలుపులో ఉన్న వాళ్ళ కొట్టు సంఘం పెద్ద బావమరిదిదయింది. వాళ్ళకు వెనక సందులో, మురుగు కాలువ పక్కన ఈ ఇరుకు కొట్టు దక్కింది. "మా పేజీ ఇది కాదు" అని భర్త ఎన్ని గడపలెక్కినా, "ఋజువేది?" అన్నారు. ఋజువు ఉండకుండా కుట్టింది అతని భార్యే. ఆయన ఆ మాట ఒక్కసారి కూడా ఆమెతో అనలేదు. అనకుండానే పోయాడు. తిట్టినా బాగుండేదని ఆమె ఇప్పటికీ అనుకుంటుంది.

అప్పటినుంచీ తెల్ల అంచులు అడిగినవాడిని ఆమె ఒకటే కంటితో చూస్తుంది.

"తెల్లగానే ఉంచుతాను," అంది అల్లుడితో. "ఒకటే మాట. కొత్త తోలు బిర్రుగా ఉంటుంది. ఎవరు పడితే వాళ్ళు తెరిస్తే వెన్ను విరుగుతుంది. సంతకాలప్పుడు పక్కనుండి నేనే పట్టుకుంటాను."

"మీరా? సభలోనా?" అల్లుడు ఆమె చీర వంక, వేళ్ళ వంక చూశాడు. "సరే. కాస్త మంచి బట్టలు కట్టుకు రండి. నోరు మాత్రం ఇంట్లో పెట్టి రండి."

అతను వెళ్ళాక పెద్దమ్మ కాగితాలు మడుస్తూ చదవడం మొదలుపెట్టింది. ఏం కుడుతోందో తెలియకుండా ఆమె ఏదీ కుట్టదు. చదివేకొద్దీ అది తనకు తెలిసిన సరుకేననిపించింది. ఇద్దరు కలిసి వ్యాపారం పెట్టేటప్పుడు ఒప్పందం రాసుకోరూ, అలాంటిదే. కాకపోతే ఇక్కడ భాగస్తులు కోట్లమంది. మొదటి పేజీల్లో ఈ కొట్టు ఎవరిదో రాశారు. మనందరిదీ అన్నారు. తర్వాత, ఎంత అవసరమొచ్చినా భాగస్తుడి దగ్గరనుంచి లాక్కోకూడనివేవో రాశారు. అతని మాట, అతని ఇల్లు, కారణం చెప్పకుండా జైల్లో వేయకూడని అతని ఒళ్ళు. ఆ తర్వాత గద్దె మీద ఎవరు కూర్చుంటారు, చట్టాలు ఎవరు చేస్తారు, వాళ్ళిద్దరూ దారి తప్పితే ఏ న్యాయస్థానం చెవి మెలిపెడుతుంది. ఒకరి చేతిలో తాళం, ఇంకొకరి చేతిలో తాళంచెవి. ఆఖర్న, ఈ రాతనే మార్చాలంటే ఎంతమంది ఒప్పుకోవాలో.

ఎవరో ఒళ్ళు దగ్గర పెట్టుకునే రాశారనుకుంది. బాగున్న రోజుల కోసం ఎవరూ ఒప్పందం రాసుకోరు. అప్పుడు నోటిమాట చాలు. చెడ్డ రోజు వస్తుందనీ, ఆ రోజు పక్కవాడు మనిషిలా ఉండడనీ తెలిసే రాసుకుంటారు. అందుకే ఏ ఒప్పందం చేతికొచ్చినా ఆమె ముందుగా వెతికేది ఒకటే. గద్దె ఎక్కినవాడిని దింపేదెలా?

అది ఎనభై ఎనిమిదో పేజీలో దొరికింది. "ఏ వ్యక్తీ రెండు పర్యాయాలకు మించి దేశాధినేత పదవిలో ఉండరాదు. ఏ సవరణ ద్వారానైనా ఈ నిబంధనను మార్చరాదు."

మర్నాడు మధ్యాహ్నం కూతురు అన్నం గిన్నె పట్టుకుని వచ్చింది. గిన్నె కంటే ముందు మాట దింపింది.

"అమ్మా, ఆయన చెప్పినట్టు చెయ్యి. ఎదురు మాట్లాడకు. ఈ పని కుదిరితే ప్రభుత్వం రిజిస్టర్లన్నీ నీకే ఇప్పిస్తారట."

"కుదరకపోతే?"

"కుదరకపోవడమేంటి? పుస్తకం కుట్టడమేగా! ఆయనేమో రెండేళ్ళుగా తిండి సరిగా తినక ప్రాణం పెట్టారు దీనికి. ఎనభై ఎనిమిదో పేజీ ఒక్కటీ రెండుసార్లు రాయించారు తెలుసా, ఒకటి పాడైతే ఇంకోటి ఉండాలని. అంత జాగ్రత్త."

పెద్దమ్మ ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపలేదు. "మూడు వందల పైచిలుకు పేజీల్లో ఆ ఒక్కటే పాడవుతుందని ముందే తెలిసిందా ఆయనకి?"

"అదిగో, మళ్ళీ మొదలుపెట్టావు! పెళ్ళయిన రోజునుంచీ ఆయన మీద నీకు కడుపుమంటే."

"ఆ రెండోది నువ్వు చూశావా?"

"బీరువా తాళం ఆయన దగ్గరుంటుంది. నేనెందుకు చూస్తాను?" కూతురు గిన్నె మూత విసురుగా పెట్టింది. "నీ కొట్టు రూళ్ళు నా సంసారం మీద రుద్దకమ్మా. నీకు దణ్ణం పెడతాను."

ఆమె వెళ్ళిపోయాక పెద్దమ్మ లెక్క కట్టుకుంది. దేశాధినేత కాబోయేది ఎవరో ఊరంతటికీ తెలుసు. అల్లుడి ఇంట్లో గోడ మీద అతని బొమ్మ ఆరు నెలల కిందటే ఎక్కింది. సంతకాలన్నీ ఆఖరి పేజీల్లో. మార్చాల్సిన కాగితం మధ్యలో. పుస్తకం అల్లుడి బీరువాలో. అంచులు తెల్లగా. ఇక లెక్క తేలడానికేముంది?

ఇప్పుడే వెళ్ళి సభాపతితో చెబితే? ఋజువేది అంటారు. ఆ మాట ఆమెకు కొత్తకాదు. ఒకవేళ నమ్మితే అల్లుడు జైలుకు వెళ్తాడు, కూతురు వీధిన పడుతుంది. ఊరుకుంటే ఆ వాక్యం పోతుంది. అప్పుడు కోట్లమంది పేజీ మారిపోయి, అందరూ వెనక సందులోకి వస్తారు. దొంగను పట్టుకోవడం తన పని కాదు. దొంగ చెయ్యి ఆడకుండా చేయడమే తన పని. కుంచె తీసి చూసుకుంది. వెంట్రుకలు రాలిపోయాయి. కొత్తది కొనుక్కొచ్చింది.

నాలుగో రోజు సభ నిండిపోయింది. సభాపతి మాజీ న్యాయమూర్తి. ఒక చెవి వినపడదు. ఇష్టం లేని మాటలు ఆ చెవి వైపు వస్తాయని సభ్యులు నవ్వుకుంటారు. పెద్దమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, గుడ్డసంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని, పుస్తకం వెన్ను అరచేతుల్లో పట్టుకుని నిలబడింది. రెండు వందల పద్నాలుగు మంది ఒక్కొక్కరే వచ్చి సంతకం చేశారు. ఒకాయన తన పేరే తప్పు రాసి కొట్టేసి మళ్ళీ రాశాడు. రెండు గంటలు పట్టింది.

ఆఖరి సిరా ఆరగానే అల్లుడు చెయ్యి చాపాడు. "పని అయిపోయింది. పుస్తకం ఇటివ్వండి."

"ఇంకా అవలేదు," అంది పెద్దమ్మ. సంచిలోంచి రెండు చెక్కలు, తాడు, రెండు సీసాలు, కొత్త కుంచె తీసి బల్ల మీద పెట్టింది.

అల్లుడి మొహం గోడలా అయింది. గొంతు తగ్గించి అన్నాడు. "రంగు వద్దన్నాను కదా."

ఆమె గొంతు తగ్గించలేదు. "వద్దన్నారు. ఈ పుస్తకం మీ సొంతమా మరి?"

వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. సభాపతి వినపడే చెవి ఇటు తిప్పాడు. "ఏమిటమ్మా ఆ సీసాలు?"

"అంచులకు రంగండి. మా కొట్టులో ఏ రిజిస్టరైనా ఇది లేకుండా బయటికి పోదు. కాగితాలన్నీ కలిపి పట్టుకుని చల్లుతాను. ఇక లోపలి కాగితం ఒక్కటి మార్చినా అంచు మీద తెల్ల గీత కనిపిస్తుంది."

"మార్చిన కాగితానికి కూడా రంగు పూస్తే?"

"పూసుకోవచ్చండి. ఇవే చుక్కలు ఇవే చోట్ల మళ్ళీ పడాలి కదా. నేను చల్లినా పడవు."

"ఇది రాజ్యాంగం! కూరగాయల బజారు రిజిస్టరు కాదు!" అల్లుడు సభ వైపు తిరిగాడు. "క్షమించండి. ఈవిడ మా అత్తగారు. వెనకటికెప్పుడో మామగారి కొట్టు పోయింది. అప్పటినుంచీ ఈవిడకు లోకమంతా దొంగలే. ఆ పిచ్చిని ఇక్కడిదాకా తెచ్చింది."

పెద్దమ్మ సభ్యుల వైపు తిరిగింది.

"నిజమే," అంది. "మా కొట్టు పోయింది. పోయింది నేను కుట్టిన పుస్తకంలోనే. పెద్దమనిషి ఒకాయన అంచులు తెల్లగా ఉంచమన్నాడు, నేను ఉంచాను. మా పేజీ తీసి ఇంకోటి పెట్టారు. మా ఆయన చచ్చేదాకా ఆఫీసుల చుట్టూ తిరిగాడు. నేను చేసిన పనికి ఆయన తిరిగాడు. అప్పుడు పోయింది ఒక్క కొట్టు. ఈ పుస్తకంలో ఎవరెవరి కొట్లు ఉన్నాయో మీకే తెలుసు."

"అంటే నన్ను దొంగ అంటున్నారా?" అల్లుడు అరిచాడు.

"నేను మీ పేరెత్తానా అల్లుడుగారూ? రెండు వందల పద్నాలుగు మంది ఉన్నారు. వాళ్ళెవరూ ఉలిక్కిపడలేదే!"

ఈసారి నవ్వు ముందు వరసల్లోంచే వచ్చింది. సభాపతి బల్ల మీద చరిచాడు. "రంగు వద్దనేవాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. ఎందుకు వద్దో కూడా చెప్పండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. అల్లుడి చెయ్యి నడుము దాకా లేచి, చొక్కా అంచు సర్దుకుని కిందికి దిగిపోయింది.

"అయితే కాస్త పట్టుకోండి బాబూ," అంది పెద్దమ్మ. "చెక్కలు బిగించాలి. ఒక్కదాన్ని చేయలేను."

సభంతా చూస్తోంది. అతను పట్టుకోక తప్పలేదు. ఆమె అట్టలు వెనక్కి మడిచి, చెక్కల మధ్య కాగితాలు బిగించి, తాడు లాగి కట్టింది. కుంచెను నీలంలో ముంచి వేలితో విదిల్చింది. తర్వాత ఎరుపు. చుక్కలు చినుకుల్లా అంచు మీద పడ్డాయి, కొన్ని అతని చొక్కా చేతుల తెల్లటి అంచుల మీదా పడ్డాయి. మూడు వైపులా అయ్యాక, పత్రికలవాళ్ళను పిలిచి ఆ అంచులను దగ్గరగా ఫొటోలు తీయమంది. వాళ్ళు తీశారు. అంతా అయ్యేసరికి పావుగంట పట్టలేదు.

బయట నడవాలో అల్లుడు దారికి అడ్డంగా నిలబడ్డాడు. పళ్ళ మధ్యనుంచి మాట వచ్చింది.

"ఏదో గెలిచాననుకుంటున్నారేమో. అది కాగితం. రేపు ఎవడో వచ్చి ఆ పుస్తకాన్నే తగలబెడితే మీ చుక్కలేం చేస్తాయి?"

"తగలబెడితే పొగ లేస్తుంది. ఊరంతా చూస్తుంది. నాకు కావలసింది అంతే. చప్పుడు లేకుండా పోకూడదు."

"మీ కూతురు ఇక మీ గడప తొక్కదు. ప్రభుత్వం నుంచి ఒక్క రిజిస్టరు రాదు. అది కూడా రాసుకోండి."

అన్నట్టే చేశాడు. వారం తిరగకముందే ఆసుపత్రి పుస్తకాలు, భూముల దస్త్రాలు వేరే కొట్టుకు వెళ్ళాయి. చేతికింద ఉన్న ఇద్దరు పనివాళ్ళలో ఒకరిని పంపేసింది. మిగిలింది చిన్న చిన్న బడుల పని. కూతురి జాడ లేదు. ఫోను మోగి మోగి ఆగిపోయేది.

రాజ్యాంగం అచ్చయి బజారులో అమ్మకానికి వచ్చింది. పెద్దమ్మ ఒకటి కొనుక్కుని, అక్కడే నిలబడి ఎనభై ఎనిమిదో పేజీ తీసింది. రెండు పర్యాయాలు. మార్చరాదు. మూసి సంచిలో పడేసుకుంది.

ఆ మర్నాడు సాయంత్రం కొట్టు కట్టేసే వేళకు కూతురు వచ్చింది. మొహం కందిపోయి ఉంది. నాలుగు మడతలు పెట్టిన మందపాటి కాగితాన్ని బల్ల మీద విసిరింది.

"చూడు! బీరువా తాళం మర్చిపోయి వెళ్ళారు. దీని గురించేనా ఆ రోజు ఆయన్ని అందరిలో చొక్కా పట్టుకుని ఈడ్చినంత పని చేశావు?"

పెద్దమ్మ మడతలు విప్పింది. అదే దస్తూరీ, అదే సంఖ్య. వాక్యం మాత్రం వేరు. "ప్రజలు కోరినంత కాలం ఒక వ్యక్తి దేశాధినేత పదవిలో కొనసాగవచ్చు."

"దీని గురించే," అంది.

కూతురు కాగితాన్ని దగ్గరికి లాక్కుని ఆ వాక్యం మళ్ళీ చదివింది. "నాతో మాత్రం, ఒకటి పాడైతే ఇంకోటి ఉండాలని అన్నారు," అంది. తర్వాత పీట మీద కూలబడి, "చించెయ్యనా?" అని అడిగింది.

"చించితే నీ చేతికేమొస్తుంది? ఇది కనపడకపోతే నీ మీద పడతాడా లేదా?"

"పడతారు."

"అయితే దాచకు. నేనే తీశాను, మా అమ్మ దగ్గరుంది అని చెప్పు. అంతే చెప్పు. ఇంకేం మాట్లాడకు."

"అమ్మా, ఆయనసలే..."

"నా దగ్గరుందని తెలిశాక నీ మీద చెయ్యెత్తడు. గొంతు కూడా ఎత్తడు. వెళ్ళు. చీకటి పడకముందే ఇల్లు చేరు."

మర్నాడు పొద్దున పది దాటాక చెప్పుల చప్పుడు వినిపించింది. మెట్ల దగ్గరికి వచ్చి ఆగింది. ఆగే ఉంది.

పెద్దమ్మ సూదిలోకి దారం ఎక్కించుకుంటూ తలెత్తలేదు. "లోపలికి రండి అల్లుడుగారూ. చెప్పులు అక్కడే విడవండి, కింద జిగురుంది."

అతను వచ్చాడు. కూర్చోలేదు. "ఆ కాగితం."

"ఏ కాగితం?"

"ఆటలాడకండి."

"ఓ, అదా! మా అట్టల్లోపల పాత కాగితాలు పొరలుగా అంటిస్తాం. గట్టిగా ఉండటానికి. నిన్నా ఇవాళా నలభై బడి రిజిస్టర్లకు అట్టలు అంటించాను. వాటిలో ఒకదాని పొట్టలో ఉంది. ఇందాకే బండిలో వెళ్ళిపోయాయి. ఏ బడికి ఏది వెళ్ళిందో నాకొక్కదానికే గుర్తుంది. నాకేమైనా అయితే చెప్పడానికి ఇంకో మనిషికి చెప్పి పెట్టుకుంటాను లెండి."

అతను ఆమె వంక చూశాడు. ఆ చూపుకు కత్తి ఉంటే ఆమె అక్కడికక్కడే పడిపోయేది. "ఏం కావాలి మీకు?"

"అమ్మాయి వారానికోసారి వస్తుంది. ఎప్పుడు రావాలో అదే చూసుకుంటుంది, మిమ్మల్ని అడగదు. ఇంట్లో దాని ముందు మీ గొంతు లేవకూడదు. రిజిస్టర్లు మీ దగ్గరే ఉంచుకోండి, నాకక్కర్లేదు."

"బెదిరిస్తున్నారు."

"ఒప్పందం రాసుకుంటున్నాను. మీ మీద నాకు నమ్మకం లేదు, నా మీద మీకు లేదు. ఉంటే నోటిమాట సరిపోయేది."

గోడవారగా కొత్తగా కుట్టిన రిజిస్టర్లు దొంతరగా ఉన్నాయి. వాటి అంచుల మీద చుక్కలు ఇంకా పూర్తిగా ఆరలేదు. అతని చూపు వాటి మీదుగా పోయి, తన చొక్కా చేతి అంచు మీదికి వచ్చింది. అక్కడ ఒక నీలం చుక్క ఉంది. ఎన్ని ఉతుకులకూ పోయినట్టు లేదు. గోటితో ఒకసారి గీకి, మానేశాడు.

"ఆదివారం పంపిస్తాను," అన్నాడు.

"మీరు పంపడం కాదు. అది వస్తుంది," అంది పెద్దమ్మ.

అతను చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు. ఆమె దారం చివర ముడి వేసి, తర్వాతి రిజిస్టరు అందుకుంది.